పోయిన రెండు మాటలు

లిఫ్టు మెకానిక్‌కి కాలు ఒకచోట నిలవదు. ఆ వారమైతే మరీ. వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి వంటింట్లోకి తిరుగుతూనే ఉన్నాడు.

"కాస్త కూర్చోండి బాబూ, మిమ్మల్ని చూస్తుంటే నాకే కళ్ళు తిరుగుతున్నాయి," అంది అత్తగారు.

కూర్చుంటే కూతురు కనబడుతుంది. రెండేళ్ళ నాలుగు నెలల పిల్ల, పిలిస్తే తిరగదు, ఒక్క మాటా పలకదు. వినికిడి బాగానే ఉందని తేల్చిన పిల్లల డాక్టరు, "మూడేళ్ళు నిండేలోపే మాటల శిక్షణ మొదలుపెట్టండి. ఆలస్యం చేసిన ప్రతి నెలా మళ్ళీ రాదు," అంది. ఇన్సూరెన్స్ కంపెనీ మాత్రం ఆ ఖర్చు ఇవ్వడం కుదరదని ఉత్తరం పంపింది.

ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని కంపెనీ ఆఫీసుకి వెళ్ళాడు. లిఫ్టు కోసం నిలబడే ఓపిక లేక ఐదంతస్తులూ మెట్లెక్కాడు. క్లెయిముల గుమస్తా నడివయసావిడ. ఫైలంతా ఓపిగ్గా చదివింది.

"కోల్పోయిన శక్తిని తిరిగి తెచ్చే చికిత్సకే డబ్బిస్తారండీ. కొత్తగా నేర్పేదాన్ని శిక్షణ అంటారు. మీ పాపకి మాటలే రాలేదని కదా ఇందులో రాశారు?"

"రాకపోవడమేమిటండీ! వచ్చి పోయాయి!"

అన్నాక గాని అతనికే తట్టలేదు ఆ తేడా. ఫోన్ తీశాడు. పిల్లకి ఏడాది దాటిన కొత్తలో తన చెల్లెలు తీసిన వీడియో అది. కిటికీ మీద పావురాన్ని చూసి పిల్ల "పో! పో!" అంటోంది. ఆ వెంటనే "నాన్నా" అని కెమెరా వైపు తిరిగింది.

గుమస్తా రెండుసార్లు చూసింది. అతను మాత్రం తల తిప్పుకున్నాడు. ఏడాదిగా వినని గొంతు.

"ఇది తేదీతో సహా డాక్టరు చేత రాయించండి. మళ్ళీ పరిశీలించమని అర్జీ పెట్టండి," అందావిడ.

ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ పోస్టుమ్యాన్ సైకిల్ బెల్లు వినబడితే చాలు, చేతిలో పని వదిలేసేవాడు. భార్య మాత్రం మాటలు నేర్పే శిక్షకురాలిని అడిగి నేర్చుకుని, రోజూ పాప ఎదురుగా నేలమీద బోర్లా పడుకుని, పిల్ల తనవైపు చూసేలా సబ్బు బుడగలు ఊదేది. చివరికి ఇరవైనాలుగు తరగతులకి ఒప్పుకున్నారు.

పదకొండో తరగతికి పాప అతని కళ్ళలోకి సూటిగా చూసి, అతని నోటిమీద చెయ్యి పెట్టింది. మాట ఇంకా రాలేదు. అయినా ఆ చెయ్యి తీసేదాకా అతను కదల్లేదు.

బయట బల్లమీద పక్కన కూర్చున్న ఇంకో పాప తల్లి అడిగింది: "మీకెలా ఒప్పుకున్నారు తమ్ముడూ? మాదీ అదే కంపెనీ, మాకు కుదరదన్నారు."

అతను వీడియో సంగతి చెప్పాడు. ఆవిడ మొహం వాడిపోయింది.

"మా పిల్లకి ఎప్పుడూ ఒక్క మాటా రాలేదే."

అతని కూతురు మాటలు పోగొట్టుకోబట్టి గెలిచింది. ఈ పిల్లకి పోగొట్టుకోడానికీ ఏమీ లేదు. లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు.

"కాగితాలున్నాయా అక్కా? ఇటివ్వండి. ఆ ఆఫీసులో ఒకావిడ ఉంది, చదివి చెబుతుంది. ఏ దారీ లేదంటే అప్పుడు చూద్దాం. పదండి, నేనూ వస్తాను."