కట్టుడు పళ్ల మీద నడిచే కారు

మా మామయ్య కట్టుడు పళ్లు చేస్తాడు. డెంటిస్టులు అచ్చులు పంపిస్తే, ఇంటి ముందు గదిలో కూర్చుని చిగుళ్లు పోసి, పళ్లు అమర్చి తిరిగి పంపుతాడు. తొమ్మిదో తరగతిలో నా చదువు ఆగిపోయినప్పటి నుంచి పాలిష్ పని నాది. ఆ గది నాకు హాయిగా ఉంటుంది. నోళ్లన్నీ బల్ల మీదే ఉంటాయి గానీ ఒక్కటీ నన్ను ఏమీ అడగదు.

మామయ్య దేన్నయినా పళ్ల సెట్లలోనే లెక్కవేస్తాడు. ఫ్రిజ్ తొమ్మిది సెట్లు. అత్తయ్య కళ్లజోడు రెండు సెట్లు. కుర్రతనంలో ఏదో పత్రికలో ఎర్రటి స్పోర్ట్స్ కారు బొమ్మ చూసి ధర కనుక్కుంటే నాలుగు వందల సెట్లని తేలిందట. నాలుగు వందలు చేసేసరికి అది ఏడు వందలయింది. ఏడు వందలు చేసేసరికి ఇంకెక్కడికో పోయింది. ఊళ్లో అన్ని నోళ్లు లేవని అర్థమై, చివరికి ఇద్దరు వాడి వదిలేసిన అలాంటి పాత బండినే కొన్నాడు. ముప్పై ఏళ్లు ఇతరుల దవడలు చూసిన మనిషి తనకంటూ కోరుకున్నది అదొక్కటే.

కొనడంతో ఖర్చు అయిపోయిందనుకున్నాడు. అక్కడే మొదలైంది. ఒక్క టైరు ఆరు సెట్లు. ఆయిలు మార్చాలంటే మూడు. తలుపు మీద గీత పడితే, ఆ గీతను చూసి ధర చెప్పడానికే ఒక పై దవడ. ఇన్సూరెన్స్ మొదటి ఏడాది పదకొండు సెట్లు, తర్వాత పద్నాలుగు, ఆ తర్వాత పంతొమ్మిది.

"ఊళ్లో వాళ్లంతా పళ్లూడగొట్టుకుని మన బండి నడుపుతున్నారు," అనేది అత్తయ్య. పోయినేడు షరతు పెట్టింది. "ఇన్సూరెన్స్ ఇరవై దాటిందా, అమ్మేయాలి."

మామయ్య చేతిలోని కింది దవడ వైపు చూస్తూ తలూపాడు.

ఇంతా చేస్తే ఆ బండి వేగంగా వెళ్లేది ఆదివారం పొద్దున ఒక్కసారే. మా ఇంటి నుంచి పెద్ద రోడ్డుకు మూడు స్పీడ్ బ్రేకర్లున్నాయి. బండి పొట్టేమో నేలకు జానెడు ఎత్తు కూడా ఉండదు. అందుకని నేను రెండు చెక్కలు పట్టుకుని ముందు నడుస్తాను. ప్రతి బ్రేకర్ దగ్గరా చక్రాల కింద చెక్కలు పరచి, బండి దాటాక తీస్తాను. మూడోది దాటాక చెక్కలను మామయ్య పక్క సీటులో పెట్టి బెల్టు కడతాను. పెట్రోలు బంకు దగ్గర కూడా ఒక గట్టుంది మరి. ఉన్నవి రెండే సీట్లు కావడంతో, మూడేళ్లలో అత్తయ్య ఒక్కసారీ ఎక్కలేదు.

ఎదురింటి తాతగారు చేతికర్రతో మమ్మల్ని దాటుకుని వెళ్తూ, "పళ్లు మాత్రం బాగా కుదిరాయోయ్," అని మామయ్యకు నవ్వి చూపించేవారు.

ఈ ఏడాది ఇన్సూరెన్స్ నోటీసు వచ్చింది. మామయ్య చదివి, మడిచి, పాలిష్ పొడి డబ్బా కింద పెట్టాడు. అత్తయ్య డబ్బా ఎత్తింది.

"ఇరవై ఆరు," అంది.

"ఇరవై అయిదున్నర," అన్నాడు మామయ్య.

ఆ వారమంతా ఆయన ముందు పళ్లు వంకరగా అమర్చాడు. రెండు సెట్లు వెనక్కి వచ్చాయి.

ఆదివారం టైల్స్ దుకాణం ఆయన బండి కొనడానికి వచ్చాడు. చుట్టూ తిరిగి చూసి నవ్వాడు. మామయ్య నా వైపు వంగి, "ముప్పై రెండూ ఉన్నాయి వీడికి. మనకెందుకూ పనికిరాడు," అన్నాడు.

అత్తయ్య నూట యాభై సెట్ల ధరను డబ్బుల్లోకి మార్చి చెప్పింది. బేరం కుదిరింది. మామయ్య సంతకానికి కలం తీసేసరికి ఆవిడ అడ్డం వచ్చింది.

"ఒక్కసారి నేను కూర్చుంటాను. మూడేళ్లు దీన్ని మేపాను. లోపలెలా ఉంటుందో చూడకుండా ఎలా పంపిస్తాను?"

ముందు చెక్కలు పరుస్తూ నేను, వెనక బండి, దాని వెనక టైల్స్ ఆయన. మూడో బ్రేకర్ దాటాక చెక్కలకు చోటు లేదు. వాటిని పట్టుకుని రోడ్డు పక్కన ఉండిపోయాను. బండి ఒక్క అరుపు అరిచి మాయమైంది.

"ఇంకొంచెం తగ్గుతారా మీవాళ్లు?" అని ఆయన నన్ను అడిగాడు.

కొత్తవాళ్ల ముందు నాకు నోరు పెగలదు. ఒక చెక్క ఆయన చేతికిచ్చాను. పట్టుకున్నాడు.

ఇరవై నిమిషాలకు తిరిగొచ్చారు. అత్తయ్య ముడి ఊడి జుట్టంతా మొహం మీద పడింది. సీటు లోతు కదా, నేను చెయ్యిచ్చి లాగితే గానీ బయటపడలేదు. మామయ్య దిగలేదు. స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తున్నాడు.

"ధర పెరిగింది," అంది అత్తయ్య.

"ఇరవై నిమిషాల్లోనా?" అన్నాడు టైల్స్ ఆయన.

"అన్నీ పెరుగుతున్నాయి కదండీ. టైర్లు పెరిగాయి, ఆయిలు పెరిగింది. బండి ఒక్కటే ఏం పాపం చేసింది?"

ఆయన ఎంతో కనుక్కుని కొత్త ధరకూ సరేనన్నాడు.

"ఇప్పుడు ఇంకొంచెం పెరిగింది," అంది అత్తయ్య.

ఆయన చెక్కను తిరిగి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

మామయ్య ఇంజను ఆపాడు. "మరి ఇరవై ఆరు సెట్లు?"

"ఇరవై అయిదున్నర అన్నారుగా. రేపట్నుంచి నేనూ బల్ల దగ్గర కూర్చుంటాను. చిగుళ్లు పోయడం నేర్పండి."

నేర్పాడు. అత్తయ్య పోసిన మొదటి చిగురు ఇద్దరికి సరిపోయేంత వచ్చింది. అయినా ఇప్పుడు ఆదివారాలు పక్క సీటు ఆవిడదే. వాళ్లు వచ్చేదాకా నేను చెక్కలతో మలుపులో నిలబడతాను. చెక్కలు లేకుండా పెట్రోలు బంకు గట్టు ఎలా దాటుతున్నారని ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"నేను దిగుతానే. దిగితే బండి నాలుగు వేళ్లు పైకి లేస్తోంది," అంది అత్తయ్య. "మీ మామయ్య రెండే అంటాడు."