చెంపదెబ్బల ఇంగ్లీషు

మొన్న ఖమ్మం నుంచి మధిర పోయే బస్సులో నా పక్క సీటు పిల్ల వాళ్ళమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుని ఏదో ఆట ఆడుతోంది. తెర మీద ఒక పెద్ద ఇంగ్లీషు మాట వస్తుంది, దాని కడుపులో దాక్కున్న చిన్న మాటలను వేలితో గీసి పట్టుకోవాలి, పట్టుకున్నప్పుడల్లా ఫోను గంట మోగించి పూలు కురిపిస్తుంది. పిల్ల ఒక మాట పట్టింది, గంట మోగింది, నా కుడి చెయ్యి నేను చెప్పకుండానే లేచి ఎడమ చెంపను కప్పుకుంది. పంటి నొప్పా తాతా అని ఆ తల్లి అడిగితే అవునన్నాను. అరవై దాటిన మనిషి పూలు కురిపించే ఆటను చూసి జడుసుకున్నాడని పరాయివాళ్ళకు ఎలా చెప్పను? మీతో అయితే చెప్పుకోవచ్చు, నా ఈడువాళ్ళలో బడిలో ముక్కు పట్టించుకుని చెంపదెబ్బ తినని వాళ్ళు ఎందరున్నారు గనక.

మా ఊరు కొత్తగూడెం దాటి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉండేది. నాన్న ఒక కలప కాంట్రాక్టరు దగ్గర లారీ డ్రైవరు. ఆయన ఇంట్లో అడుగు పెడితే డీజిలు వాసన, టేకు పొట్టు వాసన కలిసి వచ్చేవి, ఇప్పటికీ ఎక్కడైనా వడ్రంగి పని జరుగుతుంటే నా కాళ్ళు కాసేపు అక్కడే ఆగిపోతాయి. అక్క నాకంటే రెండేళ్ళు పెద్దది, కానీ అడవి జ్వరాలు ఆమెను బడికి దూరం చెయ్యడంతో ఎనిమిదిలో నా తరగతిలోకే వచ్చి పడింది. మిషను ఆస్పత్రిలో పత్యం గంజి తాగుతూ పడుకున్న రోజుల్లో తెల్లబట్టల నర్సమ్మలను చూసి చూసి, పది గట్టెక్కితే తానూ నర్సు ట్రైనింగుకు పోవాలని పట్టుబట్టి కూర్చుంది. పది గట్టెక్కాలంటే మాత్రం ముందు ఇంగ్లీషు సారును గట్టెక్కాలి.

ఆ సారు పద్ధతి ఇది. సాయంత్రం చివరి గంటలో బోర్డు మీద ఒక పెద్ద మాట రాసి పోయేవాడు, మర్నాడు దాని లోపలి చిన్న మాటలను అర్థాలతో సహా చెప్పాలి. ఎలిఫెంటులో యాంట్, అంటే ఏనుగులో చీమ, అందరికీ దొరికేది. అందరికీ దొరికినదానికి విలువ లేదు. ఇంకెవరికీ దొరకని మాట ఎవరు చెబితే వాళ్ళు లేచి, మిగతా తరగతిలో ఒక్కొక్కరి ముక్కు ఎడమ చేత్తో పట్టుకుని కుడి చేత్తో చెంప పగలగొట్టాలి. జాలిపడి మెల్లగా కొడితే ఎలా కొట్టాలో ఆ జాలిపడినవాడి చెంప మీదే సారు చూపించేవాడు, అది చూశాక ఎవరూ జాలి జోలికి పోయేవాళ్ళు కాదు. పెదవులు చిట్లేవి, చెవుల్లో జుయ్యిమనేది, ఒకమ్మాయికి కదులుతున్న పన్ను ఊడి నోటుబుక్కు మీద పడింది. ఏ తల్లీ ఏ తండ్రీ వచ్చి అడగలేదు, దెబ్బ పడితేనే చదువు వస్తుందని అప్పట్లో అందరికీ గట్టి నమ్మకం. ఆ సారు మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు, పోగొట్టుకునే ఉద్దేశం కూడా లేదు.

అక్క వచ్చాక ఆ ఆట స్వరూపమే మారిపోయింది. కిచెన్‌లో మేమంతా హెన్ అని కోడిని పట్టుకుని మురిసిపోతుంటే ఆమె ఇచ్ అని దురదను బయటికి లాగింది. ఇంకోసారి సారు టీచర్ అని రాస్తే, మాకు టీచ్, టీ, మహా అయితే ఈచ్ దొరికాయి, అక్క లేచి ఏక్ అంది, నొప్పి అని అర్థం కూడా చెప్పింది. సారు బోర్డు వంక చాలాసేపు చూసి, నవ్వకుండా, ఊఁ కానియ్ అన్నాడు. జ్వరాలు తినేసిన ఆ పుల్లలాంటి చేతుల్లో అంత బలం ఎక్కడిదోగాని, అక్క మనసారా కొట్టేది. తమ్ముడినని నాకు పైసా తగ్గింపు లేదు. ఆమె కొట్టడంలో పగ లేదు, గెలిచిన సంబరం ఉండేది, అంతే.

ఆ తరగతిలోనే కాంట్రాక్టరు కొడుకూ ఉన్నాడు. తన తండ్రి దగ్గర జీతానికున్న డ్రైవరు కూతురు రోజూ ముక్కు పట్టుకుని కొడుతుంటే వాడు నెత్తురు మింగుతూ కూర్చునేవాడు. హాస్పిటల్‌లో స్పిట్ అనే ఉమ్మిని అక్క కనిపెట్టిన రోజు సాయంత్రం, వాగు దగ్గర ఇద్దరు స్నేహితులతో కాపు కాశాడు. "ముక్కు పట్టుకుంటవా? పట్టుకో ఇప్పుడు!" అని అరుస్తూ రాయి విసిరాడు. అక్క కనుబొమ్మ చీలి నెత్తురు కంట్లోకి దిగింది. పారిపోవాల్సిన మనిషి వాడి మీదికే దూకింది, ఇసుకలో పడేసి, చేతి మీద కండ ఊడేట్టు కొరికింది. నేను ఒకడి కాలు పట్టుకుని వేలాడితే రెండోవాడు నా కడుపులో తన్నిన తన్నుకు ఊపిరి అందలేదు. అటుగా వచ్చిన పశుల కాపరులు మమ్మల్ని విడదీశారు.

మేము మొహాలు కడుక్కునేలోపే కాంట్రాక్టరు జీపు మా వాకిట్లో ఆగింది. దిగాడు, మా అందరి ఎదుట నాన్న చెంప మీద కొట్టాడు, ఎక్కి వెళ్ళిపోయాడు. నాన్న ఎంత పొడగరో, ఎంత బరువైన దుంగనైనా భుజానికెత్తుకునేవాడో చెప్పినా మీరు నమ్మరు. అంతటివాడు చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. జీపు మలుపు తిరిగాక నడుముకున్న బెల్టు తీసి అక్కను కొట్టాడు. అప్పుడే నెత్తురు ఆగిన కనుబొమ్మ మళ్ళీ పగిలింది. అమ్మ మధ్యలో దూరి నాలుగు దెబ్బలు తను తిని, నా బిడ్డ చదువు ఆపితే నీళ్ళల్ల దూకి చస్తనని గొంతు చించుకుంది. చివరికి నాన్న బెల్టు మూలకు విసిరికొట్టి ఒక షరతు పెట్టాడు.

"పోతె పో. ఆ సారు ఏమడిగినా నోరు మాత్రం తెరవకు. తెరిచినవని తెలిస్తె గా దినమే బడి బంద్."

నోరు తెరిస్తే తెలియకుండా పోదు, చెప్పడానికి కాంట్రాక్టరు కొడుకు తరగతిలోనే ఉన్నాడు. అక్క కనుబొమ్మకు గుడ్డ కట్టుకుని, అన్ని మాటలూ లోపల పెట్టుకుని, మొద్దులా కూర్చుని అందరి చేతా కొట్టించుకోవడం మొదలుపెట్టింది. తలకాయలో మట్టి తప్ప మరేమీ లేనివాళ్ళు కూడా ఆమెను కొట్టారు. కాంట్రాక్టరు కొడుకు ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న మాటతో గెలిచిన రోజు, ముక్కును వదిలేసి సరిగ్గా ఆ మానని కనుబొమ్మ మీదే కొట్టాడు. ఆమె బెంచీ అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

మర్నాడు బడికి నడుస్తూ నాకు ఒక మాట అందించింది. ఫారెస్టులో ఓర్ ఉంది, ముడి ఖనిజం, పోయి చెప్పు అంది. చెబితే నేను నిన్ను కొట్టాలి కదా అంటే ఆగి నా వైపు తిరిగింది. "నువ్వే కొట్టు రా. గాడు కొట్టుడు కన్నా నువ్వు కొట్టుడు నయ్యం. గట్టిగ కొట్టాలె, లేకుంటె సారు నిన్ను కొట్టి, మల్ల నన్ను కొట్టిస్తడు."

అలా రోజూ ఆమె రాత్రి అంట్లు తోముతూ తవ్వితీసిన మాటలు పొద్దున నా నోట వెలువడేవి. గ్రాండ్‌మదర్‌లో మాత్ అనే రెక్కల పురుగును చూసి సారు నన్ను మెచ్చుకున్నాడు కూడా. నేను వరసంతా కొట్టుకుంటూ పోయేవాణ్ణి. కాంట్రాక్టరు కొడుక్కి నాన్న బాకీ కూడా కలిపి ఇచ్చేవాణ్ణి. మగపిల్లవాడి చేతి దెబ్బ అవమానం కిందికి రాదు కాబట్టి ఆ జీపు మళ్ళీ మా వాకిట్లోకి రాలేదు. అక్క దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేవాణ్ణి. ఆమె రెప్ప వెయ్యకుండా, ఊఁ అన్నట్టు నా కళ్ళలోకి చూసేది. కొట్టేవాణ్ణి. పదో తరగతి చివరిదాకా కొడుతూనే ఉన్నాను, ఇద్దరమూ ఒక్కరోజు కూడా ఏడవలేదు.

పేపర్లో నంబర్లు పడిన రోజు మా ఇద్దరి నంబర్లూ ఉన్నాయి. నాన్న లారీ ఆపి బూందీ పొట్లం పట్టుకొచ్చి, అక్క తల నిమిరి, పొట్లం ముందు ఆమె చేతికే ఇచ్చాడు. ఆయన అటు పోగానే అక్క నా దగ్గరికొచ్చి, ఎడమ చేత్తో ముక్కు పట్టుకుని, ఒక్కటి కొట్టింది. పట్టపగలు చుక్కలు కనిపించాయి. నేను ఇంకా కళ్ళు తెరవకముందే నన్ను పట్టుకుని భోరుమంది, అప్పుడు నాకూ ఏడుపు ఆగలేదు.

అక్క నర్సయింది, గోదారి వరదలన్నిటిలోనూ భద్రాచలంలోనే పనిచేసి రిటైరయింది. ఇప్పుడు పిల్లల మీద చెయ్యెత్తితే సారు ఉద్యోగం పోతుందంటున్నారు. పోవాల్సిందే, నేనైతే చప్పట్లు కొడతాను. అయితే దెబ్బలతో పాటు ఇంకేదో కూడా మెత్తబడిపోయిందని ఒక్కోసారి దిగులేస్తుంది. అమ్మా నాన్నా పోయాక నన్ను కొట్టే హక్కున్న మనిషి ఈ లోకంలో అక్క ఒక్కతే. పోయిన క్రిస్మస్‌కు వాళ్ళింట్లో, డాక్టరు వద్దన్న అరిసెలు కావాలనే ఆమె ఎదురుగా కూర్చుని తిన్నాను. కోపంగా చెయ్యెత్తింది. ఆ చెయ్యి నా చెంప దాకా రాలేక, దిగి వచ్చి నా భుజం మీద ఆనుకుంది. కొట్టవేందక్కా అన్నాను.

"చాతనైతలేదు రా," అంది.