సేటు గొంతున్న పెట్టె

పెట్టె మూడోసారి పిలిచింది: "అమ్మా, గోలీ వేసుకో." లక్ష్మమ్మగారు నా చేతిని పక్కకు నెట్టి, పెట్టెలోంచి జారిన షుగర్ గోలీని తానే తీసి నోట్లో వేసుకున్నారు. గోలీ తీసినట్టు పెట్టె మీద పచ్చలైటు వెలిగింది. నేనిస్తే ఉమ్మేసే మనిషి, పెట్టెలోని కొడుకు గొంతు చెబితే మాత్రం వినేవారు.

ఇది 2013 సంగతి. సూర్యాపేటలోని ఆయాల ఏజెన్సీ నన్ను మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు సేటు ఇంటికి, ఆయన తల్లి లక్ష్మమ్మగారిని చూసుకునే ఆయాగా పంపింది. మా ఊరు మోతె, ఎనిమిదో తరగతి చదివాను. ముసలివాళ్లకు స్నానం, తిండి, పక్క మార్చడం, చార్టు రాయడం మా పని. మందు ఇవ్వడం, ఆపడం మా ఇష్టం కాదు, డాక్టరు చెప్పాలి.

పెట్టెను సేటు హైదరాబాదులో కొన్నాడు. టైముకు గోలీ వదిలి, రికార్డు చేసిన ఆయన గొంతుతో పిలుస్తుంది. చూడవచ్చిన చుట్టాలు దాన్ని రోబో అనేవారు. "అలగది, సెలవడగది. ఇగ నీతోని ఏం పని పిల్లా?" అని సేటు మేనత్త నన్ను ఆటపట్టించింది.

"పక్కబట్టలు గూడ ఉతుకుతదేమో అడుగుండ్రి," అన్నాను. అందరం నవ్వాం.

అంతకుముందు సేటు రోజూ తల్లి పక్కన కూర్చుని టిఫిన్ తిని మిల్లుకు పోయేవాడు. కొడుకు తినందే ఆమె ముద్ద ముట్టేవారు కాదు. పెట్టె వచ్చింది, వడ్ల సీజనూ వచ్చింది. ఆమె లేవకముందే ఆయన వెళ్లిపోవడం మొదలైంది.

లక్ష్మమ్మగారికి చూపు ఆనదు. గోలీ మింగి పెట్టెను అడిగేవారు: "నువ్వు తిన్నవా బిడ్డా?"

పెట్టె పలకదు.

"సేటు మిల్లుల తిన్నడమ్మా," అనేదాన్ని.

"నీకు జెప్పిండు. మరి నాకెందుకు జెప్తలేడు? అలిగిండు."

ఇక పళ్లెం జరిపేసేవారు. షుగర్ గోలీ పడ్డాక తిండి పడకపోతే ఒంట్లో చక్కెర దిగిపోతుంది. బతిమాలి పాలు పట్టి నాలుగు రోజులు నెట్టుకొచ్చాను. సేటుకూ చెప్పాను: "పెట్టెల ఇంకొక్క మాట ఎక్కియ్యుండ్రి సేటూ, 'నేను తిన్ననమ్మా' అని."

"మిషన్‌కు ఆకలైతదా పిల్లా?" అని నవ్వాడు. "జర లారీలు పోనీ. ఆదివారం సూద్దాం."

శుక్రవారం ఆమె పాలు కూడా వద్దన్నారు. తిండి గడి ఖాళీగా ఉంటే ఏజెన్సీ తిడుతుందని చార్టులో "ఒక ముద్ద" అని రాసి బట్టలు ఉతకడానికి పోయాను. తిరిగొచ్చేసరికి ఒళ్లంతా చెమట, పిలిస్తే పలుకు లేదు. దవాఖానకు తీసుకుపోయాం. సాయంత్రానికి ప్రాణం పోయింది.

సేటు ఇంటికొచ్చి పెట్టెనే చూస్తూ నిలబడ్డాడు. "పచ్చలైటు వెలుగుతనే ఉన్నది గద, సుజాతా," అన్నాడు.

తర్వాత నేను ఆ పనే మానేశాను. తిండి దిగకపోతే డాక్టరుకు ఫోన్ చేయాలని ఆయాలకు మొదటిరోజే చెబుతారు. నెంబరు చార్టు మీదే ఉంది. నేను సేటును అడుగుతూ నాలుగు రోజులు పోగొట్టాను. పెట్టె తనకు నేర్పింది తప్పకుండా చేసింది. నాకు నేర్పింది నేను చేయలేదు.

ఆమె పోయిన మరునాడు హాల్లో ఏడుపుల మధ్య పొద్దున ఎనిమిదైంది. లోపల ఖాళీ మంచం పక్కన పెట్టె పిలిచింది: "అమ్మా, గోలీ వేసుకో." సేటు చెవులు మూసుకున్నాడు. నేను లోపలికి పోయి వైరు పీకేశాను. చార్టు తీసి "ఒక ముద్ద" కొట్టేసి, "తినలేదు" అని రాసి, కింద సంతకం పెట్టాను.