నిద్రగన్నేరు చుట్టూ తొమ్మిది పొద్దులు

మొన్న సాయంత్రం క్లాసు ముగించుకుని, మోకాళ్లను తిట్టుకుంటూ మెట్లు దిగి వస్తుంటే, కింద చెట్ల మధ్య నలుగురైదుగురు విద్యార్థులు డప్పు కాచుకుంటూ కనిపించారు. మండే ఎండల మీద, ఆ ఎండల్లో కూలి చేసేవాళ్ల మీద పాట కట్టారట, ఆదివారం తార్నాక చౌరస్తాలో ఆడతారట. వెనక కట్టిన తెల్లగుడ్డ మీద 'వాతావరణ న్యాయం' అని రాసుకున్నారు. అందులో ఒక పిల్ల పరుగెత్తుకొచ్చి, "మేడమ్, గుండ్రంగ తిరుగుతె మంచిగుంటదా, వరుసల నిలబడితెనా?" అని అడిగింది. గుండ్రంగానే తిరగమన్నాను. ఎందుకో కూడా చెప్పాలనుకున్నాను గానీ, ఒక మాటతో తెమిలే సంగతి కాదని ఊరుకున్నాను.

నా ఈడువాళ్లకు ఆ సంగతి కొంచెం గుర్తుండే ఉంటుంది. నేను ఇదే యూనివర్సిటీలో పరిశోధన చేస్తూ, అడిక్‌మెట్‌లో ముగ్గురు ఆడపిల్లలతో కలిసి ఒక రేకుల గదిలో ఉండేదాన్ని. మే నెలలో ఆ గదిలో పడుకోవడమంటే పెనం మీద పడుకోవడమే, అందుకని పొద్దున్నే పుస్తకాలు పట్టుకుని తార్నాక దాకా నడిచి, అక్కడి నిద్రగన్నేరు చెట్ల కింద చాయ్ తాగి క్యాంపస్‌కు పోయేవాళ్లం. అవి మూడు చెట్లు. వాటి కిందనే ఆడకూలీల అడ్డా. ఆరింటికల్లా సద్ది డబ్బా, తట్ట పట్టుకుని వచ్చి నిలబడితే, మేస్త్రీలు వచ్చి కావలసినవాళ్లను తోలుకుపోయేవారు. పని దొరకనివాళ్లు పొద్దుగూకేదాకా ఆ నీడనే కూర్చునేవారు. వాళ్లందరికీ పెద్ద దిక్కు ఒక ముసలామె, జనగామ దిక్కు పల్లె నుంచి వచ్చింది. మేమందరం ఆమెను పెద్దవ్వ అనేవాళ్లం. ముందటేడు ఎండదెబ్బకు పడిపోయి, దవాఖానలో పది రోజులుండి వచ్చిన మనిషి. చెట్టు లేకపోతే నేను లేను బిడ్డా అని ఊరికే అనేది కాదు, నిజంగానే అనేది.

ఒకనాడు చూస్తే మూడు చెట్లకూ ఎర్ర రంగు పట్టీలు వేసి ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేస్తారట. మాకు కడుపు మండిపోయింది. క్యాంపస్‌లో మాకొక విద్యార్థి బృందం ఉండేది, దానికి పాటలు రాసే సీనియర్ అన్న ఒకరుండేవారు, ఆయన రాత్రికి రాత్రి బతుకమ్మ బాణీలో ఒక పాట రాసుకొచ్చారు. మేము దానికి తోడు ఎండుటాకులు, ప్లాస్టిక్ కాగితాలు ఏరి, నిలువెత్తు బతుకమ్మను పేర్చి, పొద్దున్నే అడ్డా మీదికి మోసుకుపోయాం. చచ్చిపోతున్న ప్రకృతికి అది చిహ్నమట! చిన్నప్పటి నుంచీ అమ్మతో కలిసి గునుగుపూలకు రంగులద్ది, తంగేడు పేర్చి, ఆడి పెరిగినదాన్ని, నాకైనా బుద్ధి ఉండొద్దూ? యూనివర్సిటీ చదువు తలకెక్కితే అట్లాగే ఉంటుంది మరి.

అన్న గొంతెత్తి 'కర్బన ఉద్గారాలు ఉయ్యాలో' అని మొదలుపెట్టగానే ఆడవాళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. "గా ఉద్గారాలంటె ఏంది బిడ్డా, కూరగాయనా?" అని ఒకామె అడిగేసింది. పెద్దవ్వ మాత్రం నవ్వలేదు. మేము పేర్చినదాన్ని చూసి ఆమె ముఖం నల్లబడింది. "ఎండుటాకులు పేర్చి బతుకమ్మంటరా? ఎవలింట్ల నేర్చుకున్నరు? గౌరమ్మను పచ్చని పూలల్ల నిలబెడ్తం గని చెత్తల నిలబెడ్తమా? తియ్యుండ్రి అవతలికి!" అని కసిరింది. సిగ్గుతో నా తల భూమిలోకి పోయింది. దాన్ని తీసి అవతల పెట్టాం.

సరిగ్గా అప్పుడే రంపాలతో లారీ వచ్చి ఆగింది.

పెద్దవ్వ లారీని చూసింది, చెట్టును చూసింది, నడుముకు కొంగు బిగించింది. ఇంత పచ్చగున్నది ఎదురుంగ నిలబడ్డది, ఇంకేం బతుకమ్మ కావాలె మీకు అని, మధ్యలో ఉన్న చెట్టు చుట్టూ చప్పట్లు కొడుతూ తిరగడం మొదలుపెట్టింది. చూస్తుండగానే ముప్పై మంది చేరారు.

మూడు బోర్లేసినం ఉయ్యాలో
మూడూ ఎండిపాయె ఉయ్యాలో
మూట గట్టుకోని ఉయ్యాలో
అడ్డ మీదికొస్తిమి ఉయ్యాలో

ఆ పాట ఎవరూ రాసింది కాదు, ఆమె అక్కడికక్కడ కట్టింది. ఆమె ఆగగానే పక్కామె అందుకుంది, వడగండ్లకు పోయిన తన మామిడితోట కథ చెప్పింది. ఆమె తర్వాత ఇంకొకామె, స్లాబు మీద కళ్లు తిరిగి పడిపోయిన చెల్లెలి కథ. మేము పుస్తకాల్లో చదివిందంతా వాళ్ల ఒంటి మీద ఉంది, మా అన్న జేబులోని కాగితం మళ్లీ బయటికి తీయలేదు.

బతుకమ్మ ఆడే ఇళ్లలో పుట్టినవాళ్లకు తెలుసు, పాట నడుస్తుండగా గుండ్రాన్ని తెంపుకుని మధ్యలోకి పోవడం తప్పు. కాంట్రాక్టరు కేకలేశాడు, బండబూతులు తిట్టాడు. రంపం పట్టుకున్నతను మాత్రం దాన్ని కింద పెట్టేసి, "ఆట మధ్యల ఎట్ల పోతం సార్, మా అమ్మకు తెలిస్తె చంపుతది" అని చెట్టు నీడనే కూర్చున్నాడు. గుండ్రంగా తిరగమని ఆ పిల్లకు అందుకే చెప్పాను. వరుసను పక్కకు నెట్టొచ్చు, గుండ్రాన్ని దాటిపోవాలంటే మనసొప్పదు.

బతుకమ్మ తొమ్మిది రోజులు కదా, మేమూ తొమ్మిది పొద్దులు ఆడాం. మేస్త్రీ పిలిచినవాళ్లు పనికి పోయేవారు, వాళ్ల జాగాలోకి మేము వచ్చేవాళ్లం. మా గైడ్ పిలిపించి, పీహెచ్‌డీ చేస్తావా చెట్ల చుట్టూ తిరుగుతావా అని గద్దించారు. రెండూ చేస్తాను సార్ అన్నాను. ఆ మాట అనడానికి నాకెక్కడి ధైర్యం వచ్చిందో గానీ, అన్నందుకు ఈనాటికీ గర్వంగానే ఉంది. పదో రోజు లారీ రాలేదు. రోడ్డు గీతను కొంచెం పక్కకు జరిపారు. మూడు చెట్లూ నిలిచాయి. ఆ రోజు పెద్దవ్వ మా అందరి నోళ్లలో బెల్లం ముక్కలు పెట్టింది.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది, కానీ ఆపను.

ఏడాది తిరగకముందే చెట్ల వెనక అద్దాల షాపులు వచ్చాయి. కూలీలు ముందర నిలబడితే గిరాకీ రాదని షాపులవాళ్లు మొరపెట్టుకున్నారు. చెట్ల చుట్టూ ఇనుప గొలుసులు కట్టి, నీడనంతా కార్లకు ఇచ్చేశారు. అడ్డాను అవతలికి, చిగురు కూడా లేని ఫుట్‌పాత్ మీదికి తరిమారు. అప్పుడు పాట లేదు, మేమూ లేము. నేను థీసిస్ పూర్తిచేసే తొందరలో ఉన్నాను, అన్నకు ఉద్యోగం వచ్చింది. చెట్లు క్షేమమే కదా అనుకున్నాం. ఒక మధ్యాహ్నం బస్సు దిగుతూ చూస్తే పెద్దవ్వ ఆ ఎండలో, నెత్తి మీద తట్ట బోర్లించుకుని కూర్చుని ఉంది. నన్ను తిట్టలేదు. "చెట్టును బతికిచ్చినం బిడ్డా, నీడను వాళ్లే ఎత్తుకపోయిండ్రు" అంది. తర్వాతి ఎండాకాలానికి ఆమె లేదు. కాగితం మీద గుండెపోటు అని రాశారు. గుండెపోటు కాదని నేను ఎక్కడైనా చెబుతాను.

ఇప్పటి పిల్లల దగ్గర మాకు లేని మాటలున్నాయి, చేతిలో ఫోన్లున్నాయి, మేము పేర్చిన చెత్త బతుకమ్మ లాంటి తెలివితక్కువ పనులు వాళ్లు చేయరు. ఎండ మాత్రం మా నాటికంటే ముదిరింది, నిద్రగన్నేరు నీడలో ఇప్పటికీ కార్లే ఉన్నాయి, ఫుట్‌పాత్ మీద ఆడకూలీలు ఇంకా అక్కడే నిలబడుతున్నారు. నిన్న ఆ పిల్లలను కూర్చోబెట్టుకుని ఇదంతా చెప్పాను. ఆదివారం నేనూ వస్తున్నాను, మోకాళ్లు నొప్పి పెడితే పెట్టనీ. ఈసారి చెట్ల చుట్టూ కాదు, ఆ కార్ల చుట్టూ తిరుగుతాం.