శివస్తోత్రం పెట్టమన్నది నేనే

కొత్త కారు ఇచ్చిన రోజున షోరూమ్‌లో ఒకాయన మమ్మల్ని ముందు సీట్లలో కూర్చోబెట్టి అరగంటసేపు స్టీరింగ్ పక్కనున్న టీవీలాంటి తెర గురించే చెప్పాడు. పాటలు అందులోనే, దారి అందులోనే, ఏసీ కూడా అందులోనే. బ్రేకుల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. పాత కారులో ఏసీకి గుండ్రటి మీట ఉండేది. మా ఆయన చూడకుండానే చెయ్యి చాపి తిప్పేవారు. ఇందులో చల్లదనం తగ్గించాలంటే తెర చూడాలి, ఒక బొమ్మ నొక్కాలి, అది తెరుచుకున్నాక ఇంకొకటి నొక్కాలి. బండి నడిపేవాడికి ఉన్నవి రెండే కళ్ళని దీన్ని చేసినవాళ్ళకి తెలియదా అని ఒళ్ళు మండింది. అయినా స్వామి కారంటూ ఇచ్చాడు, అదే పదివేలనుకుని నిమ్మకాయలు తొక్కించి, తెర పక్కనే బొట్టు పెట్టాను.

కార్తీక సోమవారం పొద్దున్నే సామర్లకోట భీమేశ్వరస్వామి దర్శనానికి బయల్దేరాం. కాలవ గట్టు రోడ్డు. కోతలయ్యాయి కనుక సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంది. ఏటా ఉండేదే. అంచున రాళ్ళు పేర్చి, కర్రకి ఎర్రగుడ్డ కడతారు. బళ్ళవాళ్ళు చూసుకుని మిగతా సగంలో పోతారు.

శివస్తోత్రం పెట్టమన్నది నేనే. నేను బడి మొహం చూడలేదు, మా నాన్నగారు ఇంట్లో నేర్పిన చదువే. ఆ స్తోత్రం అప్పటినుంచీ నాకు నోటికి వచ్చు. నోటికి వచ్చినదాన్ని తెరలో వెతకమన్నాను. ఆయన ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని రెండో చేత్తో వెతికారు. ఏదో సినిమా పాట మోగింది. ఇది కాదంటూ మళ్ళీ తెర మీదకి వంగారు. నేనూ తెరనే చూస్తున్నాను.

తల ఎత్తేసరికి కారు ధాన్యంవైపు జరిగిపోతోంది. ముందు ఒకావిడ మాకు వీపు పెట్టి, ధాన్యాన్ని కాళ్ళతో కలియబెడుతూ నడుస్తోంది.

"ఏమండీ, మనిషి" అన్నాను.

ఆయన స్టీరింగ్ కాలవవైపు తిప్పేసి బ్రేకు తొక్కారు. చక్రం కింద రాయి ఎగిరిపడింది. కారు గట్టు అంచున ఆగింది. ఆవిడ పక్కకి దూకి ధాన్యంలో పడింది. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే.

దిగి వెళ్ళి ఆవిణ్ణి లేపాను. మా ఆయన మొదట అన్న మాట, రోడ్డు మీద ధాన్యం పోస్తే ఎలాగమ్మా అని. సిగ్గుతో చచ్చిపోయాను.

"పొయ్యకూడదండి, ఒప్పుకుంటాను," అంది ఆవిడ చెయ్యి దులుపుకుంటూ. "మరి రాళ్ళు పెట్టాం, గుడ్డ కట్టాం. అవి రోడ్డుకేసి చూసేవాళ్ళకండి. కారులో టీవీ చూసేవాళ్ళకి ఇంకేం పెట్టమంటారు?"

చెదిరిన ధాన్యం ఎగదోసి, క్షమించమని అడిగి బయల్దేరాం. కారులో నన్ను దెప్పారు: "గుడి కనబడితే చాలు, దండం పెట్టుకోండి అంటావు. అప్పుడు నా చేతులెక్కడుంటున్నాయి?" నిజమే. అదీ నా తప్పే. కానీ నా తప్పుతో ఆయన తప్పు చెల్లిపోదు.

గుడిలో పూజారిగారితో ఆయన, స్వామి దయవల్ల ఇవాళ గండం తప్పిందండి అని చెప్పుకుంటుంటే కోపం ఆగలేదు. పూజారిగారి ముందే అనేశాను.

"మనకేం గండమండీ? స్వామి ఆవిణ్ణి కాపాడాడు. మననుంచి."

స్వామికి దండం పెట్టుకున్నాను. ఆవిడ బతికున్నందుకు కళ్ళనీళ్ళు ఆగలేదు. కోపం మాత్రం పోలేదు. దయ స్వామిది కదా అని మన కళ్ళు చూడాల్సింది కూడా స్వామే చూస్తాడా?

తిరుగు ప్రయాణంలో అదే గట్టు మీద ఫోను మోగి, తెర నిండా పేరు వెలిగింది. మా ఆయన చెయ్యి తెరవైపు లేచింది.

"కారు ఆపండి. ఆపకపోతే రేపటినుంచి నేను బస్సులో వెళ్తాను."

ఆయన నాకేసి చూడలేదు, తెరకేసీ చూడలేదు. వెడల్పు చోటు వచ్చేదాకా నడిపి, పక్కకి తీసి ఆపారు. అప్పటికి ఫోను ఆగిపోయింది.

"కట్ అయిపోయిందే" అన్నారు.

"అవనివ్వండి" అన్నాను.