సెలవు కోసం రాసిన చావు కబురు

2024 నాటికి లింబాయత్‌లో నా ఆన్‌లైన్ ఫారాల దుకాణానికి తొమ్మిదేళ్ళు నిండాయి. చిన్న గది, ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, లామినేషన్ మిషన్. ఇటుపక్క సాంచెల ఖాతా, అంటే మరమగ్గాల షెడ్డు. అటుపక్క జరీ వర్క్‌షాప్. ఆ చప్పుళ్ళ మధ్య మా గల్లీలో రహస్యాలు కూడా అరిచే చెప్పుకుంటారు. ఆధార్ మార్పులు, పాన్ కార్డులు, రేషన్ కార్డులు నా రోజువారీ పని. అయితే సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి ఈ పరాయి రాష్ట్రానికి వచ్చి స్థిరపడ్డ మావాళ్ళలో నాకు ఇంకో పేరు కూడా ఉంది. ఫౌజీ ఫారాల భారతక్క అంటారు.

ఆ పేరు ఊరికే రాలేదు. మా అబ్బాయి వంశీని సైన్యంలో చేర్పించాలని పట్టుబట్టి నేర్చుకున్న విద్య అది. ఈ రాష్ట్రంలో స్థిరపడ్డామని చూపే డొమిసైల్ సర్టిఫికెట్, నడవడిక బాగుందని చెప్పే క్యారెక్టర్ సర్టిఫికెట్, పెళ్ళి కాలేదని అన్‌మ్యారీడ్ సర్టిఫికెట్, పద్దెనిమిది నిండకపోతే తల్లిదండ్రుల అంగీకార పత్రం, అన్నీ నాకు కంఠతా వచ్చు. వీటన్నిటికంటే కష్టమైనది నెక్స్ట్ ఆఫ్ కిన్ కాగితం. పిల్లవాడికి ఏదైనా జరిగితే ముందుగా ఎవరికి కబురు చెయ్యాలో అందులో రాయాలి. అది నింపేటప్పుడు ఏ తల్లికైనా చెయ్యి ఆగుతుంది. నేను మంచినీళ్ళిచ్చి మళ్ళీ మొదలుపెడతాను.

వంశీ మొదటిసారి పరుగులో పోయాడు. రెండోసారి పరుగు గెలిచి మెడికల్‌లో పోయాడు. కలర్ విజన్ లోపమట. రంగు చుక్కల బొమ్మలో దాగిన అంకె వాడికి కనిపించలేదు. మూడు తరాలుగా రంగు నూలుతో బతికిన ఇంట్లో పుట్టినవాడికి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదని ఇరవై ఏళ్ళ దాకా మాకు తెలియనే తెలియదు. రెండు రోజులు ముసుగు తన్ని పడుకున్నాడు. మూడోనాడు లేచి బట్టల మార్కెట్‌లో పార్సిల్ ఆఫీసుకు పనికి వెళ్ళాడు. వాడు లేచాడు గానీ నేను లేవలేదు.

సరిగ్గా అప్పుడే రాజమల్లు, లక్ష్మి పేడాల డబ్బాతో వచ్చారు. మాకు మూడిళ్ళ అవతల ఉంటారు. రాజమల్లు సాంచెల మీద పని చేస్తాడు. లక్ష్మి ఇంట్లో చీరలకు రాళ్ళు అంటిస్తుంది. వాళ్ళబ్బాయి సాయికిరణ్ అగ్నివీర్‌గా సెలెక్ట్ అయ్యాడు.

"అక్కా, నీ చెయ్యి మంచి చెయ్యి. నువ్వు ఫారం నింపినవు, మావోనికి అయింది" అంటూ లక్ష్మి నా నోట్లో పేడా పెట్టింది.

అంత మంచి చెయ్యి నా కొడుక్కి ఎందుకు కలిసిరాలేదని అడగాలనిపించింది. ఆ పిల్లవాడికి పరుగు నేర్పింది మా వంశీ. రోజూ తెల్లారకముందే లేపి, ఫోన్లో టైము చూస్తూ పరుగెత్తించింది వాడు. పరుగు నేర్పింది నా కొడుకు, ఫారం నింపింది నేను, ఉద్యోగం వాళ్ళింటికి వెళ్ళింది. ఓర్వలేనితనం అంటే అదేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆనాడు మాత్రం న్యాయం అడుగుతున్నాననుకున్నాను.

సాయిని మహారాష్ట్రలో ఒక ట్రైనింగ్ సెంటర్‌కు పంపారు. రిక్రూట్లకు ఫోను ఆదివారమే ఇస్తారు, అదీ కాసేపే. ఆ ఫోను అయిపోగానే లక్ష్మి నా దగ్గరకు వచ్చేది. ఏం తిన్నాడో, ఎంత చిక్కాడో, బూట్లు ఎలా మెరిపించాడో మొత్తం అప్పజెప్పేది. నేను ప్రింటర్‌లో కాగితాలు సర్దుతూ ఊఁ కొట్టేదాన్ని. వాళ్ళింట్లో కుక్కర్ కూత వినిపించినా ఒళ్ళు మండేది. మా ఇంట్లో కుక్కర్ కూడా అలాగే కూస్తుందని ఎవరు చెప్పాలి నాకు!

శిక్షణ సగం దాటాక ఒక సోమవారం ఇద్దరూ కలిసి వచ్చారు.

"వదినె, జర ఒక అర్జీ రాయాలె" అన్నాడు రాజమల్లు. "మా బిడ్డ మౌనిక లగ్గం పెట్టుకున్నం. ఒక్కడే తమ్ముడాయె. పోరడు రావాలె."

"ట్రైనింగ్ నడుస్తున్నది. పెండ్లికి ఛుట్టీ ఇయ్యరు."

"పెండ్లని ఎందుకు రాస్తం? మా అమ్మ సచ్చిపోయిందని రాయి."

సాంచెల లోకం తెలియనివాళ్ళకు ఈ మాట ఘోరంగా వినిపిస్తుంది. మా ఖాతాల్లో ఇది అబద్ధం కిందకు రాదు. పెళ్ళంటే సేఠ్ రెండు రోజులిస్తాడు, చావంటే పది రోజులిస్తాడు. ఊరికి పోయి రావడానికే నాలుగు రోజులు పడుతుంది. అందుకని అందరూ చావే చెబుతారు. సేఠ్‌కూ తెలుసు. తెలిసే పాపం అంటాడు. మా ఆయన సాంచెల మీద ఉన్నప్పుడు మా అత్తను రెండుసార్లు చంపాడు.

"నేను ఇప్పటికి మూడుసార్లు సంపిన" అని నవ్వాడు రాజమల్లు. "ఆమెకేం, ఊర్ల గట్టిగనే ఉన్నది."

నేను నవ్వలేదు. ఎందుకంటే నాకు తెలుసు. అంతకు ముందు ఏడాది ఇంకో కుటుంబం ఇలాగే రాయించి పంపింది. నా దగ్గర కాదు. ట్రైనింగ్ సెంటర్ సేఠ్ ఖాతా కాదు కదా, ఇక్కడి పోలీసులను విచారించమంది. అబద్ధమని తేలింది. ఆ పిల్లవాడిని రెలిగేట్ చేశారు, అంటే సొంత బ్యాచ్ నుంచి తీసి వెనక బ్యాచ్‌లో కలిపారు. వాడి మీద పడ్డ మచ్చ అలాగే ఉండిపోయింది. అప్పటి నుంచి ఎవరు ఇలాంటి అర్జీ అడిగినా తిట్టి పంపుతున్నాను. ఆ రోజు కూడా తిట్టడానికి నోరు తెరిచాను.

అంతలో లక్ష్మి అంది, "అక్కా, కసమ్ పరేడ్‌ల తల్లిదండ్రులకు పతకం పెడ్తరట గదా? ఏ చీర కట్టుకుంటే మంచిగుంటది? ఈడ పెడ్తరు గదా?"

కసమ్ పరేడ్ అంటే శిక్షణ ముగిశాక రిక్రూట్లు ప్రమాణం చేసే రోజు. ఆనాడు తల్లిదండ్రులకు గౌరవ్ పదక్ ఇస్తారు. లక్ష్మి ఎడమ భుజం కింద కొంగు సర్ది, అక్కడ అరచెయ్యి పెట్టి చూపించింది. అదే చోట ఎన్నిసార్లు నేను చెయ్యి పెట్టుకున్నానో నాకే తెలుసు. ఆ పతకం కోసం ఒక చీర కూడా అనుకుని పెట్టుకున్నాను.

తెరిచిన నోరు మూసుకున్నాను. కంప్యూటర్ వైపు తిరిగి, హిందీలో అర్జీ టైపు చేశాను. నానమ్మ స్వర్గస్థురాలైందని, మనవడిని పది రోజులు పంపమని రాశాను. ఎప్పుడూ లేనంత చకచకా వేళ్ళు కదిలాయి. ఒక్క తప్పు పడలేదు.

రాజమల్లు సంతకం పెట్టి, "ఏం గాదు గదా వదినె?" అన్నాడు.

"ఏం గాదు" అన్నాను.

వాళ్ళు ఆ రోజే స్పీడ్ పోస్ట్ చేశారు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా జరిగింది అదే.

శనివారం మధ్యాహ్నం వంశీ ఏదో కాగితం ప్రింట్ తీసుకుందామని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆ అర్జీ వాడి కంట పడింది.

"మమ్మీ, సాయి వాళ్ళ దాదీ గుజర్ గయీ క్యా? సచ్చిపోయిందా?"

"లేదురా."

"తో యే క్యా హై? గిట్ల రాస్తే పోరగాళ్ళ లైఫ్ ఖరాబ్ అయితదని అందరికీ నువ్వే చెప్తవ్ గదా?"

"వాళ్ళు అడిగిండ్రు, రాసిన."

వంశీ కుర్చీ నా వైపు తిప్పాడు. వాడి మొహంలో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది.

"సాయిని నికాల్ దేనా థా తుఝే? వాన్ని తీసెయ్యాలనా?" అన్నాడు. "నాకు కాలేదని వానికి గూడ కావొద్దా? మై తో ఖుష్ హూఁ మమ్మీ. నువ్వెందుకు లేవు?"

నా కొడుకు కోసమే అసూయ పడుతున్నానని అప్పటిదాకా నన్ను నేను నమ్మించుకున్నాను. వాడికి లేని మంట వాడి పేరు చెప్పి నేను రాజేసుకున్నానని ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా లక్ష్మి ఇంటికి నడిచాను.

లక్ష్మి నేల మీద కూర్చుని పెళ్ళి చీరకు రాళ్ళు అంటిస్తోంది. ఆ ఉత్తరం వల్ల సాయికి ఏం కాగలదో అంతా చెప్పాను.

"రాసేటప్పుడు నీకు ఎర్క లేకుండెనా?"

"ఎర్కుండె."

"ఎర్కుండే రాసినవా?"

"ఎర్కుండే రాసిన."

"ఎందుకక్కా?"

"కడుపు మండింది లక్ష్మీ. నీ కొడుక్కు అయింది, నా కొడుక్కు కాలేదు."

ఆమె నన్ను తిట్టలేదు. జిగురు సీసాకు మూత పెట్టి, ఖాతాకు వెళ్ళి రాజమల్లును తీసుకొచ్చింది. ముగ్గురం నా దుకాణానికి వచ్చి షట్టర్ దించి, జాయినింగ్ లెటర్ మీదున్న నంబరుకు ఫోను చేశాం. ఒక హవల్దార్ ఎత్తాడు. ఉత్తరం గురువారమే అందిందన్నాడు. విచారణకు పంపబోతున్నారట. పిల్లవాడికి మాత్రం కబురు చెప్పేశారట.

"సెలవు వద్దన్నాడు మీవాడు" అన్నాడు హవల్దార్ హిందీలో. "నేను చేరేసరికి అంతా అయిపోతుంది సార్, ట్రైనింగ్ తప్పితే నానమ్మ ఊరుకోదు అన్నాడు. రెండు రోజులుగా సరిగ్గా తినడం లేదు. ఏడుస్తూనే పరుగెత్తుతున్నాడు."

రాజమల్లు స్టూలు మీద కూలబడ్డాడు. సాయిని చిన్నప్పుడు ఊళ్ళో పెంచింది ఆ ముసలమ్మే.

"ఖాతాల చెప్తే ఏడ్సెటోడు ఎవ్వడు లేకుండె వదినె" అన్నాడు. "వీడు ఏడుస్తడని నేను సోంచాయించలే."

నాకూ తోచలేదు. ఆ పిల్లవాడి ఉద్యోగం పోవాలని కోరుకున్నాను గానీ, బతికున్న మనిషి కోసం వాడు పస్తులుంటాడని అనుకోలేదు. నా అసూయ అంత దూరం ఆలోచించలేదు.

హవల్దార్‌కు ఫోనులోనే నిజం చెప్పాం. ఆయన చాలాసేపు తిట్టాడు. ఆ తిట్లు రాజమల్లు వినకుండా ఫోను నేనే చెవికి పెట్టుకున్నాను. తండ్రి నిజం రాసివ్వాలని, ఏం చెయ్యాలో ఆఫీసర్ నిర్ణయిస్తారని చెప్పి మెయిల్ అడ్రస్ ఇచ్చాడు. రాజమల్లు తరఫున రెండో అర్జీ రాశాను. పిల్లవాడికి దీంతో సంబంధం లేదని, నియమం తెలిసి కూడా మొదటి అర్జీ రాసింది నేనేనని కింద రాసి, నా సంతకం పెట్టి, దుకాణం ముద్ర వేసి, స్కాన్ చేసి మెయిల్ పంపాను. దుకాణానికి ఏమవుతుందోనన్న భయం ఆ తర్వాత వచ్చింది.

మర్నాడు సాయి ఫోను చేసినప్పుడు వంశీ ఊళ్ళో ఉన్న ముసలమ్మను కూడా అదే కాల్‌లో కలిపాడు.

"నేను సావలేదు బిడ్డా!" అని ఆవిడ అరిచింది. "పొద్దుగాల రెండు గిన్నెల జొన్న గట్క తాగిన. నువ్వు తింటలేవట ఎందుకు?"

అవతల ఏడుపూ నవ్వూ కలిసి వినిపించాయి. ఆఫీసర్ పిల్లవాడిని తప్పుపట్టలేదు. తండ్రిని గట్టిగా హెచ్చరించి వదిలేశారు. సాయి బ్యాచ్‌లోనే ఉన్నాడు. అక్క పెళ్ళికి మాత్రం రాలేదు.

లక్ష్మి ఆదివారాలు రావడం మానేసింది. కసమ్ పరేడ్‌కు రైలు టికెట్లు కూడా వేరే దుకాణంలో చేయించుకుంది. పరేడ్ రోజు ఆమె వాట్సాప్ స్టేటస్‌లో ఫోటో పెట్టింది. పతకం కనిపించేలా వేళ్ళతో పెద్దది చేసి చూశాను. అప్పుడు కూడా మండింది. బుద్ధి వచ్చినంత తొందరగా మంట పోదు.

సెలవు మీద వచ్చిన సాయి నేరుగా దుకాణానికి వచ్చి నా కాళ్ళకు మొక్కాడు. "పెద్దమ్మా, ఆ రెండో చిట్టీ నువ్వు రాయకుంటే నా పని ఖతమయ్యేది. బాపు తప్పు గూడ నీ మీదేసుకున్నవట" అన్నాడు. గుమ్మంలో లక్ష్మి నిలబడి ఉంది. వాడు వంశీతో కలిసి టీ తాగడానికి వెళ్ళాక లోపలికి వచ్చింది.

"నీ కడుపు మంట సంగతి వానికి చెప్పలే అక్కా. చెప్తే వంశీతోని మాట్లాడడు. నీ కొడుకు ఏం జేసిండని?"

నేను ఆమె కొడుకు చెడిపోవాలని కోరుకున్న రోజుల్లో, ఆమె నా కొడుకు స్నేహం పోకుండా కాపాడుతూ వచ్చింది. ఇంతకాలం పక్కనే ఉన్నా నాకు ఆమె అర్థం కాలేదు.

మా వృత్తిలో జనం తాము చదవలేని కాగితం తెచ్చి మన ముందు పెడతారు. మనం వేలు పెట్టిన చోట సంతకం చేస్తారు. మన మనసు ఆ పూట ఎలా ఉందో వాళ్ళకు తెలియదు. కాబట్టి తెలియజెప్పడం మన బాధ్యత అని నేర్చుకున్నాను. సెలెక్ట్ అయిన పిల్లల తల్లిదండ్రులు ఎవరొచ్చినా కుర్చీ వేసి ముందే చెబుతున్నాను: "నా కొడుక్కి రెండుసార్లు కాలేదు. నా కడుపుల ఇంకా మంట ఉన్నది. నేను రాసింది ఇంకొకరితోని చదివించుకుని సంతకం పెట్టుండ్రి." చాలామంది తమాషా అనుకుని నవ్వుతారు.

మొన్న లక్ష్మి తన చెల్లెలినీ మరిదినీ వెంటబెట్టుకొచ్చింది. వాళ్ళబ్బాయి కూడా సెలెక్ట్ అయ్యాడు. నేను అదే మాట చెప్పాను. వాళ్ళిద్దరూ నవ్వారు. లక్ష్మి నవ్వలేదు. ప్రింటర్‌లోంచి కాగితం తీసి వంశీని పిలిచింది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా గట్టిగా చదివించుకుని విని, ఆ తర్వాతే చెల్లెలి చేతికి పెన్ను ఇచ్చింది.