మాస్టారికి అరువు గొంతు

తొంభైల చివర్లో నేనో టీవీ సీరియల్‌కి అసిస్టెంట్ డైరెక్టర్‌గా పనిచేశాను. పిల్లల సాహసగాథ అది. వేసవి సెలవుల్లో నలుగురు పిల్లలు గోదావరి మధ్యలో ఉన్న ఒక లంకకి వెళ్తారు. అక్కడ గుళ్ళలో విగ్రహాలు ఎత్తుకొచ్చి దాచే ముఠా ఉంటుంది. ఆ ముఠా నాయకుడి వేషానికి మా డైరెక్టరు తెలిసిన మొహం వద్దన్నాడు. "మీ వైపు పాత నాటకాలవాళ్ళు ఉంటారుగా, ఒకర్ని చూడు" అన్నాడు.

నాకు వెంటనే మాస్టారు గుర్తొచ్చారు. ఆత్రేయపురం దగ్గర ఒక ఊళ్ళో చిన్న పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నలభై ఏళ్ళు పద్యనాటకాల్లో రాజు వేషాలు కట్టారు. చిన్నప్పుడు మా నాన్న పక్కన చాప మీద కూర్చుని ఆయన పద్యాలు విన్నాను. ఒకసారి మధ్యలో మైకు పోయినా జనం లేవలేదు. ఆయన గొంతు చిట్టచివరి వరసలో ఉన్న మాకు కూడా వినబడింది.

వాళ్ళింటికెళ్ళి విషయం చెబితే ముందు నవ్వారు.

"అరవై ఎనిమిదేళ్ళొచ్చాక దొంగ వేషమా అండీ? ఊళ్ళో సగంమందికి అక్షరాలు దిద్దించినవాణ్ణి."

"మీ గొంతు కోసం వచ్చాను మాస్టారూ. అది వినపడగానే పిల్లలు వణికిపోవాలండి."

లోపల్నుంచి మాస్టారి భార్య అన్నారు, "ఒప్పుకోండి. ఈ మధ్య ఎవరూ పిలవట్లేదని మీరే అంటున్నారుగా."

"గొంతు కోసమైతే వస్తానండి" అన్నారు మాస్టారు.

మే నెలలో షూటింగ్. ఇసుక కాలిపోతోంది. మాస్టారికి మోకాళ్ళదాకా బూట్లు, నల్ల కోటు. ఒక్క రోజూ విసుక్కోలేదు. పొద్దున్నే పడవ దిగి, రెల్లు పొదల నీడలో డైలాగులు పైకి చదువుకునేవారు. గుహ సెట్‌లో పిల్లల్ని పట్టుకునే సీన్లో ఆయన ఒక్క అరుపు అరిచేసరికి, అందరిలోకి చిన్న పిల్ల నిజంగానే ఏడ్చేసింది. మాస్టారు కంగారుపడి, పెట్టుడు మీసం పీకేసి, "చూడమ్మా, నేను తాతయ్యనే" అని ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్నారు. అందరం చప్పట్లు కొట్టాం. డైరెక్టరు మాత్రం కొట్టలేదు.

జనరేటర్ల మోతలో రికార్డయిన మాటలు పనికిరావు కాబట్టి, తర్వాత హైదరాబాద్‌లో అందరి చేతా డబ్బింగ్ చెప్పించాలి. అక్కడ డైరెక్టరు తేల్చేశాడు.

"పెద్దాయన ప్రతి మాటా సాగదీస్తున్నాడు. నాటకం వాసన కొడుతోంది. వేరేవాళ్ళతో చెప్పిద్దాం."

ఆ గొంతు కోసమే ఆయన్ని తెచ్చామని నేను అనొచ్చు. ఒకసారి పిలిచి చూద్దామని అయినా అడగొచ్చు. నాకు తర్వాతి సీరియల్లో కూడా పని కావాలి. తలూపాను.

ఆ వారంలోనే మాస్టారు వాళ్ళ పక్కింటికి ఫోన్ చేశాను, అసలు సంగతి చెప్పేద్దామని. ఆయన పరుగున వచ్చినట్టున్నారు, ఆయాసపడుతున్నారు.

"పది రోజుల్నుంచి పెరుగు మానేశానండి. రోజూ మిరియాల కషాయం తాగుతున్నాను. గొంతు సిద్ధంగా ఉంది. ఎప్పుడు రమ్మంటారు?"

"కబురు పెడతామండి" అన్నాను. అప్పటికే ఆయన పాత్రకి సగం డబ్బింగ్ అయిపోయింది.

మొదటి భాగం ఒక ఆదివారం పొద్దున్న వచ్చింది. మాస్టారు నన్ను కూడా తన ఇంటికి రమ్మని మరీ మరీ చెప్పారు. డబ్బింగ్‌కి పిలవలేదు కాబట్టి షూటింగ్‌లో అన్న మాటలే ఉంచేశారనుకున్నారు. ఆయన్ని ఒంటరిగా పట్టుకుని చెప్పాలని ముందుగానే వెళ్ళాను. అప్పటికే టీవీని అరుగు మీదకి తెచ్చి పెట్టారు. వీధి వీధంతా వచ్చేసింది. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చారు. మాస్టారు ఇస్త్రీ చేసిన పంచె కట్టుకుని అందరికీ కుర్చీలు వేస్తున్నారు. నేను చెప్పలేకపోయాను.

తెర మీద మాస్టారు నోరు తెరిచారు. ఎవరో పాతికేళ్ళవాడి గొంతు పలికింది.

"అదేంటి మాస్టారూ, జలుబు చేసిందా?" అన్నారెవరో.

"కాదండి. అది నా గొంతు కాదు" అన్నారాయన, మామూలుగా. చివరిదాకా కదలకుండా చూశారు. ఆవిడ మాత్రం మధ్యలోనే లోపలికి వెళ్ళిపోయారు.

బస్సు ఎక్కించడానికి నాతో వచ్చి, రోడ్డు మీద అడిగారు. "మీకు ముందే తెలుసా అండీ?"

"లేదండి. అక్కడ వాళ్ళే మార్చేసినట్టున్నారు."

"అంతేలెండి. ఆ అబ్బాయెవరో స్పష్టంగానే చెప్పాడు." బస్సు వచ్చేదాకా నిలబడ్డారు.

తర్వాత ఆయన మళ్ళీ ఏ వేషమూ కట్టలేదని విన్నాను. నాలుగైదేళ్ళకి అన్నవరంలో, ప్రసాదం లైన్లో మాస్టారి భార్య కనబడ్డారు. కూతురితో వచ్చారు. మాస్టారు మోకాళ్ళ నొప్పులతో ఇంట్లోనే ఉన్నారట.

"నా మీద కోపంగా ఉన్నారా అండీ?" అని అడిగాను.

"కోపమేం లేదు బాబూ. 'ముందే చెప్పుంటే ఊళ్ళోవాళ్ళని పిలిచేవాణ్ణి కాదు కదా' అని ఒక్కసారి అన్నారు. అంతే. ఓసారి రండి, సంతోషిస్తారు."

వచ్చే వారం వస్తానన్నాను. ఆ వారం షూటింగ్ అడ్డొచ్చింది, పై వారం ఇంకోటి. వర్షాకాలంలో మాస్టారు పోయారు. నాకు పదిహేను రోజులకి గానీ తెలియలేదు.

అప్పుడు వెళ్ళాను. ఆవిడ కాఫీ తెచ్చి నా ముందు పెట్టారు. ఏదో ఒకటి మాట్లాడాలని మొదలుపెట్టి, "ఆరోజు అబద్ధం చెప్పానండి. నాకు ముందే తెలుసు" అన్నాను.

"మీకు ముందే తెలుసని ఆయనకీ తెలుసు బాబూ" అన్నారావిడ. "తాగండి, చల్లారిపోతుంది."